ఊఁ కొట్టే హక్కు

రాత్రంతా రామాయణం విని, తెల్లవారి రాముడికి సీత ఏమవుతుందని అడిగాడట వెనకటికొకడు. ఈ సామెతను మనం ఎప్పుడూ వినేవాణ్ణి ఎగతాళి చెయ్యటానికే వాడుతున్నాం. తెల్లవార్లూ కూర్చున్నా వాడి బుర్రకు ఏమీ ఎక్కలేదని మన భావం. చెప్పినవాడు ఎట్లా చెప్పాడు, విన్నవాడు పగలంతా ఎవరి పొలంలో నడుం వంచి వచ్చి కూర్చున్నాడు, మధ్యలో సందేహం వస్తే అడగటానికి అతనికి అవకాశం వున్నదా లేదా అనే ప్రశ్నలు సామెత వెయ్యదు. తప్పంతా శ్రోత మీదికి నెట్టి, చెప్పేవాణ్ణి కాపాడే సామెత ఇది. ఉపాధ్యాయులకు ఎంతో అనుకూలమైనది గనక మన నాలుకల మీద తరచుగా ఆడుతూ వుంటుంది.

నేనూ వాడాను. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై కళాశాలలు మూతపడ్డాయి. కొన్ని నెలల తరువాత, డిగ్రీ విద్యార్థులకు పురాణగాథలూ కథాకథనమూ అనే కోర్సును ఆన్‌లైన్‌లో చెప్పే పని నా మీద పడింది. తెలుగు ఎమ్మే చదివి, అవే పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి గనక ఇది నాకు సులువనే అనుకున్నాను. తెర మీద అరవై పేర్లు, అరవై నల్లని గళ్లు. మూడోవారానికి పదిహేనుమంది మిగిలారు. ఆ పదిహేనుమందిలో వింటున్నదెవరో, ఫోను గూట్లో పెట్టి పనికి వెళ్లిపోయిందెవరో తెలిసే దారి లేదు. శంబూకుడి కథ చెప్పి ఒక ప్రశ్న అడిగితే జవాబు రాలేదు. అందరి గొంతులూ మ్యూట్‌లో వున్నాయి. ఆ సాయంత్రం తోటి ఉపన్యాసకుడితో మాట్లాడుతూ ఆ సామెతే అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాం.

రెండు రోజుల తరువాత ఊర్మిళ నిద్ర కథ చెబుతున్నాను. ఒక అమ్మాయి పొరపాటున మైకు కట్టెయ్యటం మరిచిపోయింది. ఉన్నట్టుండి ఒక ముసలి గొంతు "ఊఁ" అన్నది. ఇంకో వాక్యం చెప్పాను. మళ్లీ "ఊఁ". ఆ అమ్మాయి నాయనమ్మ పక్కన కూర్చుని వింటున్నదని తరువాత తెలిసింది. మూడువారాలుగా నా కథకు వచ్చిన మొదటి జవాబు అది. ఇచ్చిన మనిషి పేరు హాజరుపట్టీలో లేదు. ఆ రోజు నేను చెప్పిన తీరు నాకే వేరుగా తోచింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో ఆ "ఊఁ" చెబుతూ వచ్చింది. కథ చెప్పటం ఒక్కడి పని అనుకుని ఇన్నాళ్లూ చేసిన పొరపాటు అప్పుడు గాని నాకు తెలియలేదు.

మన దేశంలో శ్రోత తెల్లవార్లూ మెలకువగా కూర్చున్న రోజులు వున్నాయి. అతణ్ణి కూర్చోబెట్టినది కథకుడి గొంతా, భక్తా, వినోదమా, లేక మరొకటా? ఈ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించటం, ఇవాళ తెర ముందు కూర్చుని పాఠం చెప్పేవారికి అత్యవసరమని నా నమ్మకం.

మొదట పురాణాల నిర్మాణాన్నే చూడండి. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగితే సూతుడు చెప్పాడు. సర్పయాగ సందర్భంలో జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు భారతం చెప్పాడు. ఏడు రోజుల్లో చావబోతున్న పరీక్షిత్తు అడిగితే శుకుడు భాగవతం చెప్పాడు. ప్రశ్న లేనిదే పురాణం అడుగు ముందుకు వెయ్యదు. ఆ ప్రశ్నలు ఊరకే వేసినవి కూడా కావు. జనమేజయుడు తన ముత్తాతల కథ వింటున్నాడు. పరీక్షిత్తుకు వినటం ప్రాణంతో ముడిపడిన పని. వినేవాడి బతుకు కథలో ఇరుక్కుని వున్నప్పుడు అతనికి నిద్ర రాదన్న సంగతి మన పూర్వకథకులకు బాగా తెలుసు.

అయితే అడిగే హక్కు ఎవరికి వుండేది? మునులకూ రాజులకూ. చెప్పేవాడి స్థితి కూడా గమనించదగినదే. సూతుడు కులం చేత తక్కువవాడు. తన రాకను చూసి రోమహర్షణుడనే సూతుడు ఆసనం మీదినుంచి లేవలేదని బలరాముడు అతణ్ణి దర్భతో చంపిన కథ భాగవత దశమస్కంధంలోనే వుంది. తరువాత అతని కొడుకును ఆ ఆసనం మీద కూర్చోబెట్టారు. అంటే కథ కావాలి, కథకుడు మాత్రం తన చోటు తెలుసుకుని మెలగాలి.

రాజ్యాలు బలపడిన కొద్దీ పురాణ పఠనం గుడి మండపంలోకి చేరింది. కంచికి దగ్గరలోని కూరంలో దొరికిన 7వ శతాబ్దపు పల్లవ రాజు పరమేశ్వరవర్మ తామ్రశాసనం, మండపంలో భారతం చదివేవాడికి ఒక భాగం కేటాయించింది. చదివేవాడికి జీతం రాజు దగ్గరనుంచి వస్తుంది. ఎదుట కూర్చున్నవాడు విన్నాడా లేదా అనే దానితో ఆ భాగానికి సంబంధం లేదు. ఇక వినేవాడికి ఫలశ్రుతి వుండనే వుంది. విన్నవారికి పుణ్యం, చదివినవారికి పుణ్యం. అర్థం కాకపోయినా కూర్చుంటే చాలు. హాజరుకు మార్కులూ, చివరి రోజున ఒక సర్టిఫికెట్టూ ఇచ్చే మన కోర్సుల వెనక ఈ ఫలశ్రుతే వున్నదంటే అతిశయోక్తి కాదు.

దీనికి భిన్నమైన ధార మరొకటి మన నేల మీద నడిచింది. తెలంగాణలో కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ చెబుతారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గజాలకొద్దీ గుడ్డ మీద రాసిన పటాలను విప్పుతూ, ఒక్కొక్క బొమ్మా చూపుతూ చెప్పే కథలు వీటిలో ప్రసిద్ధమైనవి. చిందు భాగవతులు మాదిగవాడల్లో ఆడే జాంబపురాణంలో ఆదిజాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగి, సృష్టికి ముందునుంచీ వున్నవాణ్ణి నేనంటాడు. ఇక్కడ కథకుడికి పెట్టేదీ పొయ్యేదీ ఎదుట కూర్చున్న జనమే. వాళ్లు ఆ కథలో తమ మూలపురుషుణ్ణీ, తమ పనినీ, తమకు జరిగిన అన్యాయాన్నీ వెతుక్కుంటారు. చెప్పటంలో తేడా వస్తే ఊరుకోరు.

ఈ వ్యవస్థను ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. ఏ కులానికి ఎవరు చెప్పాలో, ఏ వూళ్లు ఎవరి వంతో పుట్టుకతోనే నిర్ణయించిన భూస్వామ్య ఏర్పాటు అది. కథకుడు ఆశ్రితుడు, అంటే బిచ్చానికి దగ్గరగా బతికినవాడు. శ్రోత తన కులం గొప్ప విని, ఆ కులంలోనే మిగిలిపోయాడు. కాని ఆ కట్టుబాట్ల మధ్యనే, శాస్త్రపురాణం తనకివ్వని చోటును తాను తయారుచేసుకున్నాడు. ఈ రెండు అంశాలనూ కలిపి చూడకపోతే చరిత్ర అర్థం కాదు.

ఆడవాళ్ల పాటలు ఇంకొక ఉదాహరణ. లక్ష్మణదేవర నవ్వు కథ తెలియని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. పట్టాభిషేకమైన తరువాత నిండు కొలువులో లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. అన్నను చంపించినందుకు నవ్వాడని సుగ్రీవుడూ, అన్నను విడిచి వచ్చినందుకని విభీషణుడూ, పరాయి చోట వుండి వచ్చినందుకని సీతా, ఒక్కొక్కరూ తలలు వంచుకుంటారు. రాముడు కత్తి దూస్తాడు. తీరా చూస్తే పధ్నాలుగేళ్లు దూరంగా వున్న నిద్రాదేవి మాట ప్రకారం ఆ సమయానికే రావటం చూసి నవ్వానంటాడు లక్ష్మణుడు. రోట్లో దంచుతూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడుకున్న స్త్రీలు, ఆ కొలువులో మచ్చ లేనివాడు ఒక్కడూ లేడని చెప్పుకున్నారు. వేదిక ఎక్కి చెప్పే హక్కు లేనివాళ్లు వంటింట్లో చేసిన విమర్శ ఇది.

శ్రోతకు నిద్ర వస్తుందన్న సంగతి కళాకారులు ఎన్నడూ దాచిపెట్టలేదు. తోలుబొమ్మలాటలో జనం తూగుతున్నారనగానే కేతిగాడూ బంగారక్కా దిగుతారు. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) వంటి హరిదాసులు పిట్టకథ అందుకునేవారు. ఆన్‌లైన్ పాఠంలో మధ్య మధ్య పజిళ్లూ, బహుమతి బొమ్మలూ పెట్టమని నేటి నిపుణులు చెప్పే సలహా కూడా బంగారక్క లాంటిదే. దాన్ని నేను తీసిపారెయ్యను. అయితే బంగారక్క తెల్లవార్లూ ఆడదు. ఆమె వెళ్లిపోయిన తరువాత జనం ఎందుకు కూర్చుంటారన్నది అసలు ప్రశ్న.

దీనికి అందరికంటే స్పష్టంగా జవాబు చెప్పినది బుర్రకథ. నడుమ కథకుడు, ఇరుపక్కలా వంతలు. ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం చెబుతారు. వంతలు తందాన అని ఊరుకోరు. కథను ఆపుతారు, సందేహం అడుగుతారు, నిన్నటి బజారు ధరను నేటి రాజు కథలోకి లాగుతారు. జనం అడగదలచుకున్నదాన్ని వేదిక మీద అడగటమే వారి ఉద్యోగం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన రోజుల్లోనే ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని ఎన్నుకోవటం యాదృచ్ఛికం కాదు. షేక్ నాజర్ (1920-1997) దళం కథ చెబుతున్నదంటే వేలమంది కూలీలూ రైతులూ చేరేవారు. పల్నాటి యుద్ధంలోనూ బొబ్బిలి యుద్ధంలోనూ వాళ్లు తమ కాలపు జమీందారును చూశారు. 1940ల చివరి సంవత్సరాల్లో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి మీద నిర్బంధం ప్రయోగించిందంటే, శ్రోతలు మెలకువగా వున్నారన్న సంగతి పోలీసులకు కూడా తెలిసిందన్నమాట.

సాహిత్యంలో మన అభ్యుదయ సంప్రదాయం కూడా ఈ వంతల కోవకు చెందినదే. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబూకవధ, రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం, ఓల్గా విముక్త, ఇవన్నీ ఒక శ్రోత లేచి నిలబడి వేసిన ప్రశ్నలే. ఈ పుస్తకాలను తరగతిలో పెట్టిన నేను, నా తరగతిలో లేచి నిలబడే చోటు ఎవరికీ వుంచకపోవటం ఎంత విడ్డూరం!

ఇక యంత్రం సంగతి. కథకుణ్ణీ శ్రోతనూ విడదీసినది ఆన్‌లైన్ పాఠం ఒక్కటే కాదు. అంతకు ముందే రేడియో విడదీసింది. 1932లోనే జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ ఈ లోపాన్ని ఎత్తి చూపాడు. రేడియో వినిపించటమే గాని వినటం ఎరగదనీ, శ్రోత చేత కూడా మాట్లాడించే సాధనంగా దాన్ని మార్చాలనీ ఆయన వాదం. మరుసటి ఏడాదే నాజీలు అధికారానికి వచ్చి, ఆయన దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఒంటిగొంతు రేడియో ఎవరికి ఉపయోగపడిందో లోకానికి తెలిసినదే.

బ్రెహ్ట్ కోరినదానికి దగ్గరగా వచ్చిన ప్రయోగం మన దేశంలోనే ఒకటి జరిగింది. 1956లో యునెస్కో సహాయంతో ఆకాశవాణి పూనా కేంద్రం అప్పటి బొంబాయి రాష్ట్రంలోని 5 జిల్లాల్లో, సుమారు 150 గ్రామాల్లో రేడియో గ్రామ వేదికలు నడిపింది. వూరికి పదిహేను ఇరవైమంది ఒకచోట చేరి అరగంట కార్యక్రమం విని, వెంటనే దాని మీద చర్చించుకుని, తమ ప్రశ్నలను కేంద్రానికి పంపేవారు. తరువాతి కార్యక్రమాల్లో వాటికి జవాబు వచ్చేది. రేడియో వుండి వేదిక లేని గ్రామాల కంటే ఈ గ్రామాల్లో జనం ఎంతో ఎక్కువ నేర్చుకున్నారని పరిశీలకులు తేల్చారు. వాళ్లు విన్నది అదే రేడియో. తేడా అల్లా కూడి వినటంలోనూ, తిరిగి మాట్లాడటంలోనూ వుంది.

1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. సాంకేతికంగా అది ఘనకార్యమే. మాట మాత్రం ప్రధానంగా పైనుంచి కిందికే ప్రవహించింది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక మొదలయ్యాక, దేశమంతా ఒకే రామాయణాన్ని ఒకే వేళకు చూసింది. ఊరికొకటిగా, కులానికొకటిగా, వంటింటికొకటిగా వున్న రామాయణాల మీద ఒకే తెర కమ్ముకున్నది. అయినా శ్రోత చచ్చిపోలేదు. 1988లో ధారావాహిక ముగియబోతున్నదని తెలిసి, వాల్మీకి కనిపించే ఉత్తరకాండను కూడా చూపించాలని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమ మూలపురుషుడిగా భావించే దళితులు వాళ్లు. కథలో మా చోటేదని అడిగారు. ఉత్తరకాండ కూడా తెర మీదికి వచ్చింది. భక్తితో టెలివిజనుకు దండలు వేసిన కోట్లమంది చెయ్యని పనిని, చీపురు కింద పెట్టినవాళ్లు చేశారు.

అదే ధారావాహికను 2020 మార్చి 28న, లాక్‌డౌన్ మూడు రోజులు గడిచాక, దూరదర్శన్ తిరిగి ప్రసారం చెయ్యటం మొదలుపెట్టింది. రోడ్ల వెంట వలసకూలీలు నడుస్తున్న రోజులవి. నా విద్యార్థులు కొందరి తల్లిదండ్రులు ఆ నడిచినవాళ్లలో వున్నారు. అటువంటి పిల్లలకు నేను నల్లని గళ్లలోనుంచి వనవాసం వర్ణించాను!

వాళ్లెందుకు రావటం లేదో కనుక్కోవటానికి ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఇది మొదటిరోజే చెయ్యవలసిన పని. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో జరిపిన 75వ విడత సర్వే ప్రకారం, గ్రామాల్లో నూటికి సుమారు 15 కుటుంబాలకే ఇంటర్నెట్ సౌకర్యం వుంది. కంప్యూటరు వున్నవి నూటికి 4 మాత్రమే. ఆ అంకెలు నాకు గొంతులుగా వినిపించాయి. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకటే ఫోను. అందులో మొదటి హక్కు మగపిల్లవాడిది. ఒక కుర్రవాడు మిర్చి బస్తాలు మోస్తూ చెవిలో పాఠం పెట్టుకుంటున్నాడు. శ్రద్ధ లేదని నేను తీర్పు చెప్పినవాళ్లు వీళ్లు.

పద్ధతి మార్చాను. గంట ఉపన్యాసం మాని, ఇరవై నిమిషాల కథను మాటగా నమోదు చేసి, తక్కువ డేటాతో అందేటట్లు పంపాను. ఒకే వూరివాళ్లు ముగ్గురు నలుగురు కూడి ఒక్క ఫోనులో వినమన్నాను. పూనా గ్రామ వేదికల సంగతి అప్పుడే చదివాను. ప్రతి పాఠానికీ ఇద్దరు విద్యార్థులను వంతలుగా నియమించాను. ఒకరు రాజకీయ ప్రశ్న వెయ్యాలి, ఒకరు నన్ను ఆటపట్టించాలి. మైకులు తెరిచే వుంచమన్నాను. కోడికూతలూ, మిక్సీ చప్పుళ్లూ, ఎవరో కేకలేస్తున్న గొంతులూ వచ్చాయి, రానిచ్చాను. లక్ష్మణదేవర నవ్వు చెప్పి, ఆ కొలువులో మీరుంటే మిమ్మల్ని చూసి ఎందుకు నవ్వాడనుకుంటారో రాయమన్నాను. బస్తాలు మోసే కుర్రవాడు, తాను మోస్తున్నదీ వింటున్నదీ రెండూ సగం సగమేనని నవ్వాడనుకుంటానని రాశాడు. ఒక అమ్మాయి, ఫీజు కట్టమని ఎనిమిదిసార్లు సందేశం పంపిన కళాశాలకు కూడా ఆ నవ్వు తగలాలని రాసింది. "ఊఁ" అన్న నాయనమ్మ, నేను చెప్పిన పాఠంలో రెండు చోట్ల తప్పుందని మనవరాలి చేత చెప్పించి, తన పాటను పాడి పంపింది. ఆ తరువాతి వారం మేము పాఠం చెప్పుకున్నది ఆ పాట మీదనే.

అందరూ తిరిగి వచ్చారని చెబితే అది అబద్ధం. సగానికి పైగా వచ్చారు. కొందరి గొంతు కోర్సు ముగిసే దాకా నేను వినలేదు. ఒక అమ్మాయికి పెళ్లి చేసేశారని ఆమె స్నేహితురాలు చెప్పింది. ఫోనూ, డేటా ఖర్చూ, ఇంట్లో ఆడపిల్లకు కాస్త తీరికా లేనిచోట ఎంతటి కథాకథన నైపుణ్యమూ పనికిరాదు. విద్యార్థి ఆసక్తిని ఉపాధ్యాయుడి చాకచక్యానికి మాత్రమే సంబంధించిన సమస్యగా చూపించటం, ఆ ఖర్చు భరించవలసిన ప్రభుత్వాన్ని తప్పించటమే.

ఈ చర్చకు కరోనా ముగియటంతో కాలం చెల్లలేదు. కేంద్రం స్వయం వేదిక ద్వారా చదివిన ఆన్‌లైన్ కోర్సులకు 2016 నిబంధనల ప్రకారం 20 శాతం దాకా క్రెడిట్లు ఇవ్వవచ్చునన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. దూరవిద్యను నేను వ్యతిరేకించను. 1982లో హైదరాబాదులో నెలకొన్న, దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎందరో పనివాళ్లను పట్టభద్రులను చేసింది. దానికి పాఠ్యపుస్తకాలతో పాటు అధ్యయన కేంద్రాలున్నాయి, అడిగితే చెప్పే మనిషి వున్నాడు. ఆ మనిషిని తీసేసి, ఒకసారి చిత్రీకరించిన పాఠాన్ని ఏళ్ల తరబడి తిప్పితే కాంట్రాక్టు ఉపన్యాసకుడి ఉద్యోగం పోతుంది, దానితో పాటు విద్యార్థి ప్రశ్న కూడా పోతుంది. పురాణం విషయంలో ఈ ప్రమాదం రెట్టింపు. 2011లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, అనేక రామాయణాలున్నాయని చెప్పే ఎ.కె.రామానుజన్ వ్యాసాన్ని చరిత్ర పాఠ్యప్రణాళికనుంచి తీసివేసింది. రామాయణం ఒక్కటే అని చెప్పదలచినవారికి, శ్రోత గొంతు మ్యూట్‌లో వున్న తరగతి కంటే అనుకూలమైనది మరొకటి వుండదు.

కనుక మిత్రులకు నా మనవి ఇది. ఆన్‌లైన్ కోర్సు అడిగితే చెబుదాం. కాని తరగతిలో ఇంతకు మించి వుండకూడదని సంఖ్యకు పరిమితి పెట్టమని అడుగుదాం. విద్యార్థికి ఫోనూ డేటా విద్యలో భాగంగా ఇమ్మని అడుగుదాం. ప్రతి పాఠంలోనూ వంతలకు చోటు వుంచుదాం. విద్యార్థులు కూడా తమ ఇంటి కథను, తమ వాడ కథను పాఠం మధ్యలో లేచి చెప్పటం తమ హక్కని గుర్తించాలి.

ఇక ఆ సామెత. ఈసారి ఎవరైనా రాముడికి సీత ఏమవుతుందని అడిగితే నేను నవ్వను. రాత్రి నువ్వెక్కడ కూర్చున్నావు, నీకు వినబడిందా, మధ్యలో అడగబోతే ఎవరైనా నోరు మూయించారా అని అడుగుతాను. ఆ తరువాత కథ మళ్లీ మొదటినుంచి చెబుతాను, అతణ్ణి ఊఁ కొట్టమని.